కంప్యూటరు నల్లతెరకడ నిలిచినప్పుడు

లినక్సు వ్యవస్థతోఁ బనిచేయు కంప్యూటరు ప్రతిదినమును రంగుల బొమ్మలు గల తెరను జూపును. ఒక్కొక్కనాఁ డట్లు జరుగదు. మీట నొక్కిన కొంతసేపటికి నల్లని తెరయు, దానిపైఁ గొన్ని తెల్లని యింగ్లీషు అక్షరములును, వాని చివర “లాగిన్” అను మాటయు, దాని ప్రక్క మినుకుమినుకుమను చిన్నగీఁతయు మాత్రమే కనఁబడును. మౌస్ కదల్చినను బాణపుగుర్తు రాదు. దానిఁ జూచిన బాలుఁడు యంత్రము చెడిపోయినదని భయపడును. తన తప్పేమోయని యెవరికిని జెప్పక దాఁచుటయుఁ గలదు. పెద్దలు బజారున విచారించినచో “ఫార్మాటు చేసి మరల నెక్కించినఁ జాలును” అను సలహా సులభముగా దొరకును. ఫార్మాటు చేయుటయనఁగా డిస్కును తుడిచి క్రొత్తపలకవలెఁ జేయుట. అట్లు చేసినచో యంత్రము నడచును గాని, సంవత్సరమంతయు శ్రమపడి వ్రాసిన వ్యాసములు, మార్కుల పట్టికలు, ఛాయాచిత్రములు అన్నియు నొక్క గడియలోఁ బోవును.

ఈ నష్టము పెక్కు సందర్భములయం దనవసరము. అట్లు నిలిచిన యంత్రము చచ్చినది కాదు. దారిలో నొకచోట నాఁగినది. ఎచ్చట నాఁగినదో తెలిసికొని, వ్రాఁతలను భద్రపఱచి, యడ్డు తొలఁగించు విధమును దెలుపుటయే యీ పాఠముయొక్క యుద్దేశము.

1. మేల్కొను క్రమము

వెలుగోడు ప్రాంతమువారికి నీటిత్రోవను గూర్చి వేఱుగఁ జెప్పనక్కఱలేదు. శ్రీశైల జలాశయమునందలి కృష్ణానీరు పోతిరెడ్డిపాటి తూములను దాఁటి, కాలువవెంట బనకచర్ల క్రాస్ రెగ్యులేటరును జేరి, యచ్చటినుండి తెలుగుగంగ కాలువ ద్వారమున వెలుగోడు జలాశయమునకు వచ్చును. పొలమునకు నీరు రానప్పుడు బుద్ధిమంతుఁడైన రైతు శ్రీశైల మెండిపోయినదని తలంపఁడు. గట్టువెంట నెగువకు నడచి, యే తూము మూయఁబడెనో, యెచ్చట గండిపడెనో చూచును. నడుమ నొకచోట నీరు పాఱుచుండుట కనఁబడినచో, దానికి నెగువనున్న తూములన్నియుఁ దెఱచియే యున్నవని వానికి నిశ్చయమగును. ఇఁక వెదకవలసినది దిగువనే.

కంప్యూటరు మేల్కొనుటయందును నిట్టి తూములు వరుసగా నేడు గలవు.

మొదటిది ఫర్మ్‌వేరు. ఇది యంత్రపు ప్రధాన ఫలకముపై నొక చిన్న చిప్పునం దుండును. పాత యంత్రములయందు దీనిని బయాస్ అనియు, నేఁటివానియందు యూఈఎఫ్ఐ యనియు నందురు. జ్ఞాపకశక్తి భాగములను, కీబోర్డును, డిస్కును సరిచూచుట దీని పని.

రెండవది గ్రబ్. ఏ వ్యవస్థను లేపవలయునో నిర్ణయించి, డిస్కునుండి దానిని బైకిఁ దెచ్చునది యిది.

మూఁడవది కెర్నెల్. ఇదియే లినక్సునకు ముఖ్యభాగము. దీనిని 1991వ సంవత్సరమున ఫిన్లండు దేశమందలి హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియైన లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించి లోకమున కిచ్చెను.

నాల్గవది ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్. ప్రధానమైన డిస్కును గనుఁగొని తెఱచువఱకు సాయపడు తాత్కాలికపు సంచి యిది.

అయిదవది సిస్టమ్‌డి. ఇది గృహనిర్వాహకుని వంటిది. గడియారము, వలసంబంధము, ముద్రణయంత్రము మొదలగువాని సేవకులను గ్రమముగా మేల్కొలుపును.

ఆఱవది డిస్‌ప్లే మేనేజరు. ఇది ద్వారపాలకుఁడు. రంగులతెరపైఁ బేరును సంకేతపదమును అడుగునది యిదియే. జిడిఎమ్, లైట్‌డిఎమ్, ఎస్‌డిడిఎమ్ అని దీనిలో భేదములు గలవు.

ఏడవది డెస్కుటాపు. గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సిఈ యనునవి యిట్టివి. మనము ప్రతిదినము చూచు కిటికీలును బొమ్మలును దీనివే.

2. తెరను జదువుట

యంత్రము నిలిచినపుడు మొదట జేయవలసినది మీటల నొక్కుట కాదు, చదువుట. నల్లతెరలన్నియు నొక్కటి కావు.

“గ్రబ్ రెస్క్యూ” అని కనఁబడినచో యంత్రము రెండవ తూముకడ నాఁగినది. “ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్” అని కనఁబడినచో నాల్గవదానికడ నాఁగినది. డిస్కు కనఁబడకపోవుటయో, దానిలోని ఫైళ్ల యమరిక చెదరుటయో కారణము. కరెంటు హఠాత్తుగాఁ బోయిన మఱునాఁడు తఱచుగా వచ్చు తెర యిదియే. “ఎమర్జెన్సీ మోడ్” అని కనఁబడినచో సిస్టమ్‌డి తనకుఁ జెప్పఁబడిన డిస్కుభాగములలో నొకదానిని దెఱవలేకపోయెనని యర్థము. ఈ మూఁడును గొంచెము గడుసువి. వీనియందు విద్యార్థి తెరపైనున్న మాటలను యథాతథముగాఁ గాగితముపై నెక్కించి యుపాధ్యాయునకుఁ జూపుట మేలు.

యంత్రము పేరును, “టిటివై1” అను గుర్తును, “లాగిన్” అను మాటయుఁ గనఁబడినచో సంగతి వేఱు. మొదటి యైదు తూములును దాదాపుగాఁ దెఱచుకొన్నవి. డిస్కు చదువఁబడుచున్నది, కెర్నెల్ మేల్కొన్నది, గృహనిర్వాహకుఁడు పనిలో నున్నాఁడు. మూఁతపడినది ఆఱవదియో యేడవదియో యగును. వ్రాఁతలు సాధారణముగాఁ జెక్కుచెదరక యుండును. మన పాఠము ముఖ్యముగా నీ తెరను గూర్చినదే.

“టిటివై” యను మూఁడక్షరములు టెలిటైపు యంత్రమునుండి వచ్చినవి. తంతివార్తలను గాగితపుచుట్టలపై నచ్చువేయు నా యంత్రములనే తొలినాఁటి కంప్యూటర్లకుఁ దగిలించి, యాజ్ఞలను బంపి, జవాబులను బొందెడివారు. 1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో యూనిక్సు వ్యవస్థ యిట్టి యంత్రముల సాయముననే పుట్టెను. లినక్సు దాని పద్ధతి ననుసరించినది. కావున నక్షరములతెర వ్యాధిచిహ్నము కాదు. అది యింటిలోని పెద్ద. రంగులతెర తరువాత వచ్చిన చిన్నది. చిన్నది లేవనపుడు పెద్దదానితో మాటలాడి కారణ మడుగవచ్చును.

3. లోనికిఁ బోవుట

ఇందు నాజ్ఞలను ఉచ్చారణ ననుసరించి తెలుఁగు లిపిలో వ్రాసినాము. యంత్రమునఁ బెద్ద యక్షరమని ప్రత్యేకముగాఁ జెప్పనిచోట వానిని ఇంగ్లీషు చిన్న యక్షరములతోఁ గొట్టవలయును. మాటలనడుమఁ జూపిన యెడమును విడువరాదు. ప్రతియాజ్ఞ చివరను ఎంటరు మీట నొక్కవలయును. డెబియన్ కుటుంబమునకుఁ జెందిన వ్యవస్థలకు, అనఁగా డెబియన్, ఉబుంటు, మింట్ అనువానికిని, చెన్నపురియందు సీడాక్ సంస్థవారు 2007వ సంవత్సరమున వెలువరించిన బాస్ అను వ్యవస్థకును, నిందలి యాజ్ఞలు సరిపడును.

“లాగిన్” వద్ద మీ పేరును గొట్టుఁడు. తరువాత సంకేతపదము నడుగును. దానిని గొట్టునపుడు తెరపైఁ జుక్కలుగాని, నక్షత్రములుగాని కనఁబడవు. మీట పనిచేయలేదని తలంపక పూర్తిగాఁ గొట్టి ఎంటరు నొక్కుఁడు. సరియైనచో డాలరుగుర్తు గల పంక్తి వచ్చును. మీరు మీ సొంత ఫోల్డరునం దున్నారు.

“సుడో” అను మాటతో మొదలగు నాజ్ఞ యజమాని యధికారముతో జరుగును. దానిని గొట్టుటకు ముందొకసారి పంక్తినంతయు మరలఁ జదువుఁడు. ఆ యధికారము మీ పేరునకు లేకున్న, యధికారము గల పెద్దలను బిలువుఁడు.

4. తెలుఁగు పేళ్లు గళ్లుగాఁ గనఁబడుట

ఇచ్చట మనవారికిఁ బ్రత్యేకముగా నొక భయము కలుగును. “ఎల్ఎస్” అను రెండక్షరములు కొట్టినచో ఫోల్డరులోని ఫైళ్ల పేళ్లు వచ్చును. ఇంగ్లీషు పేళ్లు చక్కగా నుండును. తెలుఁగులోఁ బేరు పెట్టిన ఫైళ్లు మాత్రము గళ్లుగానో, ప్రశ్నార్థకపు గుర్తులుగానో, యంకెల వరుసలుగానో కనఁబడును. “నా వ్యాసములన్నియుఁ బాడైనవి” యని బాలుఁడు తలంచును. అవి పాడుకాలేదు.

కారణ మిది. ఈ నల్లతెర ఒకేసారి 512 అక్షరరూపములకు మించి యుంచుకొనలేదు. అక్షరములను గూర్చి గుణింతములను, వత్తులను నిర్మించు విద్యయు దానికి లేదు. తెలుఁగునకు యూనికోడులో 128 స్థానములు గల పట్టిక 1991వ సంవత్సరమునుండి కలదు. “స్త్రీ” యనునది మనకు ఒక్క యక్షరమే యైనను యంత్రమునం దది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘగుడి యని ఆఱు స్థానముల కూర్పు. యూటీఎఫ్-8 అను వ్రాఁతపద్ధతిలోఁ బదునెనిమిది బైట్లు. ఈ యాఱింటిని ఒక్క రూపముగా మలఁచు పని రంగులతెరలోని ప్రత్యేకభాగములది. ఆ భాగములు నిద్రించుచున్నవి కనుకఁ జూపు మాత్రమే పోయినది, వ్రాఁత పోలేదు. డిస్కుపై నా పదునెనిమిది బైట్లును యథాస్థానమున నున్నవి. కావున గళ్లుగాఁ గనఁబడు ఫైళ్లను తుడువరాదు, పేరు మార్పరాదు.

హైదరాబాదునందలి స్వేచ్ఛ యను సంస్థవారు సిద్ధపఱచిన తెలుఁగు వ్యవస్థవంటిది వాడువారికి, లేక తమ యంత్రమును తెలుఁగునకు మార్చుకొన్నవారికి, ఒక్కొక్కప్పుడు యంత్రపు జవాబులును గళ్లుగా రావచ్చును. అప్పుడు “ఎక్స్‌పోర్ట్ ఎల్‌సి_ఆల్=సి” అని కొట్టవలయును. ఇందు “ఎల్‌సి”, “ఆల్” అనువానిని, చివరి “సి”ని పెద్ద యక్షరములతోఁ గొట్టవలయును. నడుమ నున్నది క్రిందిగీఁత. ఆ పూఁటకు జవాబులు ఇంగ్లీషులో వచ్చును. మరల లోనికి వచ్చినప్పుడు పూర్వపు భాష తానే తిరిగివచ్చును.

5. వ్రాఁతలను భద్రపఱచుట

చికిత్సకు ముందు రక్ష. ఒక పెన్‌డ్రైవును దగిలించి “ఎల్ఎస్‌బిఎల్‌కె” యని కొట్టినచో యంత్రమునకుఁ దగిలియున్న డిస్కులన్నియుఁ బరిమాణములతోఁ గనఁబడును. పరిమాణమునుబట్టి పెన్‌డ్రైవు పేరును గుర్తింపవలయును. అది “ఎస్‌డిబి1” అనుకొందము. రంగులతెర లేనప్పుడు పెన్‌డ్రైవు తనంతఁ దాను దెఱచుకొనదు, మనమే తెఱవవలయును:

“సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డిబి1 /ఎంఎన్‌టి”

తరువాత:

“సుడో టార్ -సిఎఫ్ /ఎంఎన్‌టి/నకలు.టార్ .”

ఇందు “నకలు” అనుదానిని ఇంగ్లీషు అక్షరములతోనే వ్రాయవలయును. చివర నొక యెడమును, దాని తరువాత నొక చుక్కయు నున్నవి. ఆ చుక్కకు “నేనిప్పు డున్న ఫోల్డరంతయు” అని యర్థము. ఈ పద్ధతివలన రెండు మేళ్లు గలవు. నల్లతెరపైఁ గొట్టుటకు వీలుకాని తెలుఁగు పేళ్లను గొట్టనక్కఱలేదు. అంతేకాక, కొన్ని పెన్‌డ్రైవులు ఈ విధముగాఁ దెఱచినపుడు తెలుఁగు పేరుగల ఫైలును విడిగా స్వీకరింపవు. టార్ మూటలోనున్నచో లోపలి పేళ్లతో వానికిఁ బనిలేదు. అయితే ఫ్యాట్32 పద్ధతిలో నున్న పెన్‌డ్రైవు నాలుగు గిగాబైట్లకు మించిన యొక్క ఫైలును బట్టదని జ్ఞాపక ముంచుకొనవలయును.

పని ముగిసిన తరువాత “టార్ -టిఎఫ్ /ఎంఎన్‌టి/నకలు.టార్” అనినచో మూటలోని పేళ్ల జాబితా వచ్చును. అది చూచినగాని నకలు తీసితిమని నమ్మరాదు. పిదప “సుడో యుమౌంట్ /ఎంఎన్‌టి” యని ముగించి, డాలరుగుర్తు తిరిగివచ్చిన తరువాతనే పెన్‌డ్రైవును దీయవలయును. “యుమౌంట్” అనుదానిలో మొదటి యు తరువాత ఎన్ అక్షరము లేదు. పలువు రిచ్చట పొరపడుదురు.

ఇంతవఱకుఁ జేసినచో, యిఁక నేమి జరిగినను బోవునది యంత్రపు సమయమేగాని మీ శ్రమ కాదు.

6. పరీక్షలు

సులభమైనదానినుండి కష్టమైనదానికి వరుసగా నడువవలయును.

మొదటి పరీక్ష. కంట్రోలు, ఆల్టు మీటలను బట్టుకొని ఎఫ్1, ఎఫ్2, ఎఫ్7 మీటలను ఒకదాని తరువాత నొకటి నొక్కి చూడుఁడు. లినక్సునకు ఒకే గాజుపలకపైఁ బెక్కు తెరలు గలవు. రంగులతెర ప్రక్కగదిలో నుండగా మనము పొరపాటున నీ గదిలోనికి వచ్చియుండవచ్చును.

రెండవ పరీక్ష. “సిస్టమ్‌సిటిఎల్ గెట్-డిఫాల్ట్” అని యడుగుఁడు. “గ్రాఫికల్.టార్గెట్” అని వచ్చినచో యంత్రము రంగులతెరవఱకుఁ బోవలయునని యుత్తరువు గలదు. “మల్టీ-యూజర్.టార్గెట్” అని వచ్చినచో నక్షరములతెరకడనే నిలువుమని యెవరో చెప్పియున్నారు, యంత్రము చెడలేదు, చెప్పినట్లు వినుచున్నది. అప్పుడు “సుడో సిస్టమ్‌సిటిఎల్ సెట్-డిఫాల్ట్ గ్రాఫికల్.టార్గెట్” అని యుత్తరువు మార్చి, “సుడో రీబూట్” అనవలయును.

మూఁడవ పరీక్ష. “డిఎఫ్ -హెచ్” అనినచో డిస్కుభాగము లెంత నిండినవో కనఁబడును. చివరి గడిలో నొంటి యేటవాలుగీఁత యున్న పంక్తిని జూడుఁడు. అందు నూటికి నూఱు నిండినదని యున్నచో, ద్వారపాలకుఁడు తన చిన్నచిన్న లెక్కలు వ్రాసికొనుటకుఁ దావులేక కూలఁబడినాఁడు. ఎక్స్‌టీ4 అను నమరికలో సాధారణముగా నూటి కైదువంతులు యజమానికొఱకు దాఁచఁబడియుండును. అందుచేతనే డిస్కు నిండినను అక్షరములతెర పనిచేయుచుండును. “సుడో ఏపిటి క్లీన్” అనినచో వాడిన ప్యాకేజీల మూటలు తొలఁగును. “సుడో జర్నల్‌సిటిఎల్ --వాక్యూమ్-సైజ్=100ఎం” అనినచోఁ బాత దినచర్యలు తగ్గును; ఆ “ఎం” పెద్ద యక్షరము. పేరు తెలియని ఫైళ్లను దోఁచినట్లు తుడుచుట మాత్రము తగదు.

నాల్గవ పరీక్ష. ముందటిదినమున అప్‌డేటు జరుగుచుండగాఁ గరెంటు పోయెనా? అట్లైనచో క్రొత్తభాగములు సగము విప్పఁబడి సగము మూటలోనే యుండును. “సుడో డిపికెజి --కాన్ఫిగర్ -ఏ” అనునది నిలిచిన పనిని ముగించును. తరువాత “సుడో ఏపిటి --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్” అనునది లోపించినవానిని జేర్చును. ఇది కొన్నిటిని దీసివేయుదునని ముందుగా జాబితా చూపి యనుమతి యడుగవచ్చును. ఆ జాబితాను జదువకుండ ఒప్పుకొనరాదు. డెస్కుటాపు పేరే యందున్నచో వలదని చెప్పి పెద్దల నడుగుఁడు.

అయిదవ పరీక్ష. “సిస్టమ్‌సిటిఎల్ స్టేటస్ డిస్‌ప్లే-మేనేజర్” అని ద్వారపాలకుని క్షేమ మడుగుఁడు. నడుచుచున్నాఁడని గాని, విఫలుఁడయ్యెనని గాని, యట్టివాఁ డెవఁడును లేఁడని గాని జవాబు వచ్చును. విఫలుఁడైనచో “సుడో సిస్టమ్‌సిటిఎల్ రీస్టార్ట్ డిస్‌ప్లే-మేనేజర్” అని మరల లేపవచ్చును. లేఁడనినచో నేదో ప్యాకేజీతోఁబాటు వానిని దీసివేసియుందురు. జిడిఎమ్3 గాని లైట్‌డిఎమ్ గాని తిరిగి యెక్కింపవలయును.

లేచియు మరలఁ బడిపోవుచున్నచో దినచర్యను జదువవలయును: “జర్నల్‌సిటిఎల్ -బి -పి ఇఆర్ఆర్”. ఇది యీ మేల్కొలుపునందు జరిగిన తప్పులను గాలక్రమమునఁ జూపును. ఎడపుమీటతో ముందునకుఁ బోవచ్చును. క్యూ అక్షరముతో బయటికి రావచ్చును. తప్పుల పట్టికఁ జూచి బెదరరాదు. ఆరోగ్యముగానున్న యంత్రమునందును గొన్ని తప్పులు వ్రాయఁబడియే యుండును. బడిలో నదేజాతి యంత్రములు పెక్కుండును గనుక నొక చక్కని యుపాయము గలదు. బాగుగ నడుచుచున్న యంత్రముపై నిదే యాజ్ఞ నిచ్చి, రెండింటను గల పంక్తులను గొట్టివేయుఁడు. మిగిలినవానిలో మొదటిదానిని ముందుగా ననుమానింపుఁడు. పెక్కుమారులు తరువాతివి దానివలనఁ బుట్టినవే యగును.

ఆఱవ పరీక్ష. క్రొత్త కెర్నెల్ వచ్చిన మఱునాఁడే యీ చిక్కు కలిగినచో, తెరను నడపు డ్రైవరు దానితోఁ బొసఁగలేదని యనుమానింపవచ్చును. ఎన్‌విడియా వారి కార్డు లున్న యంత్రములలో నిది తఱచు. ఆ డ్రైవరు ప్రతి కెర్నెల్‌కును వేఱుగాఁ గట్టఁబడవలయును. యంత్రమును మరల లేపునపుడు ఎస్కేపు మీటను, పాతజాతి యంత్రమైన షిఫ్టు మీటను, నొక్కి గ్రబ్ పట్టికను దెప్పించి, “అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్” అనుదానిలోఁ బాత కెర్నెల్‌ను ఎంచుకొనుఁడు. అది చక్కఁగా లేచినచో దోషము క్రొత్తదానియందని తేలినది. పాతదియు లేవకున్న, నా పట్టికయందే ఇ అక్షరమును నొక్కి, “లినక్స్” అని మొదలగు పంక్తి చివర “నోమోడ్‌సెట్” అని చేర్చి, కంట్రోలు, ఎక్స్ మీటలు కలిపి నొక్కవలయును. ఇది యొక్కమాఱునకే చెల్లును. శాశ్వతముగ నేమియు మాఱదు. రంగులతెర మోటుగానైనను వచ్చినచో దోషము డ్రైవరుదే యనుట కది బలమైన సాక్ష్యము.

ఏడవ పరీక్ష. రంగులతెర వచ్చి, సంకేతపదము నంగీకరించి, క్షణములో మరలఁ దొలి తెరకే పంపివేయుచున్నచో నాఱవ తూము తెఱచినది, ఏడవది మూసినది. మొదట సొంత ఫోల్డరున్న డిస్కుభాగము నిండినదేమో చూడవలయును. తరువాత నందలి “.ఎక్స్‌అథారిటీ” అను ఫైలునకు “ఎల్ఎస్ -ఎల్” అను నాజ్ఞతో యజమాని యెవరో చూడవలయును, అందు ఎక్స్, ఏ అనునవి పెద్ద యక్షరములు. ఎవరైన సుడో యధికారముతో రంగులతెరను లేపఁ బ్రయత్నించినచో నది “రూట్” వశమై, సొంతదారునకే యందకపోవును. “సుడో చౌన్” అను మాటల తరువాత మీ పేరును, ఫైలు పేరును వ్రాసి దానిని మరల మీ వశము చేయవచ్చును. “చౌన్” అనుదానిని సి, హెచ్, ఓ, డబ్ల్యు, ఎన్ అని కొట్టవలయును.

ఇన్నిటివలనను గుణము కనఁబడకున్న, నప్పుడు వ్యవస్థను మరల నెక్కించుట న్యాయమే. నకలు మన చేతిలో నున్నది. అక్షరములతెరయే రాని యంత్రమునందును లైవ్ పెన్‌డ్రైవుతో లేపి, డిస్కు చెడనంతవఱకు ఫైళ్లను బయటికిఁ దీయవచ్చును. ఇది తెలియక తుడుచుట యెన్నఁడును దగదు.

7. పాటింపవలసిన నియమములు

తెరపై నున్నదానిని మొదట కాగితముపై వ్రాసికొనవలయును; మరల లేపినచో నది కనఁబడకపోవచ్చును.

ఒక్కసారి కొక్కటే మార్పవలయును. మూఁడు మందులు కలిపి త్రాగినవానికి రోగము కుదిరినను, నే మందు కుదిర్చినదో తెలియదు. రేపదే రోగము వచ్చినచో మరల మూఁడింటిని ద్రాగవలసివచ్చును.

ప్రతి మార్పును, దాని ఫలితమును వ్రాసియుంచవలయును. ఫలింపని మార్పును వెనుకకుఁ దీసివేయవలయును.

అర్థము తెలియని యాజ్ఞను ఎవరు చెప్పినను గొట్టరాదు. ముఖ్యముగా “ఆర్ఎమ్” అను రెండక్షరములు తుడుచునవి. ఆ తెరపైఁ జెత్తబుట్ట లేదు.

కరెంటు నిలుకడలేని తావులయందు అప్‌డేటు మొదలుపెట్టుటకు ముందు బ్యాటరీ, యూపీఎస్‌లను జూచుకొనవలయును.

తల్లిదండ్రుల కొక్క మనవి. నల్లతెర వచ్చినదని బిడ్డ చెప్పినపుడు “ఏమి చేసితివి” అని గద్దింపక, “ఏమి వ్రాసియున్నది” అని యడుగుఁడు. మొదటి ప్రశ్నకు బిడ్డ భయపడి దాఁచును. రెండవ ప్రశ్నకుఁ దెరవైపు తిరిగి చదువును. అచ్చటనే సగము చికిత్స జరిగినది. కూడఁబలుకుకొని చదువుట, వరుసగా విచారించుట, నిశ్చయమైన పిదప చేయిచేసికొనుట యను నీ మూఁడును అలవడినచో బాలబాలికలకు నవి కంప్యూటరు గదిలోనేగాక, గణితమునందును, ప్రయోగశాలయందును, సేద్యమునందును నుపకరించును.

అభ్యాసము

1. “లాగిన్” అను మాట కనఁబడినపుడు ఏ యే తూములు తెఱచియున్నవని చెప్పవచ్చును? కారణము వ్రాయుము.

2. నీ పేరును తెలుఁగున వ్రాసి, యది యూనికోడులో నెన్ని స్థానములో, యూటీఎఫ్-8 పద్ధతిలో నెన్ని బైట్లో లెక్కింపుము.

3. డిస్కు నిండియున్నను అక్షరములతెర యేల పనిచేయును?

4. ఒకేజాతి యంత్రములు రెండున్నచో దినచర్యను సరిపోల్చు విధమును వివరింపుము.

5. నీ తోడివాఁడు నకలు తీయకయే ఫార్మాటు చేయఁబోవుచున్నాఁడు. వానికి నీవు చెప్పవలసిన మాటలను పది పంక్తులలో వ్రాయుము.